అక్క చేతి జాన

మా అక్క వదిలిన బంతి ఒకసారి సగం దూరం వెళ్లి, ఇంట్లో పొయ్యి ఆర్పానో లేదో అని అనుమానం వచ్చినదానిలా ఆగి, కాసేపు ఆలోచించి, ఎడమకి తిరిగి, పది పిన్నుల్నీ పడగొట్టి తన దారిన తాను పోయింది. నమ్మరు కదా. నమ్మకండి. నేను చెప్పేదాంట్లో సగం నమ్మితే చాలు. ఏ సగమన్నది మీ ఇష్టం. మా ఊరి బడిలో మూడు గదులకి రెండే కప్పులు. కప్పు లేని గదిలో మాకు భూగోళం చెప్పేవారు. అక్కడ చదివినవాణ్ణి కనుక నా మాటలు అప్పుడప్పుడూ ఆకాశంలోకి పోతుంటాయి.

ఆ వానాకాలం సంగతి మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను. చేతనైనంతవరకు.

నాది బౌలింగ్ హాల్లో, అంటే చెక్క లేను మీద బరువు బంతి దొర్లించి చివరనున్న పది పిన్నుల్ని పడగొట్టే చోట, బంతులకి రంధ్రాలు తొలిచే పని. అద్దె బూట్ల అరల వెనక, కోళ్లగూటికన్నా కాస్త పెద్ద గది నాది. బంతికి మూడు రంధ్రాలు పెట్టడంలో ఏముంది, రెండు వేళ్లకి రెండు, బొటనవేలికి ఒకటి, అయిపోయింది అనుకుంటారు జనం. అంత తేలిక కాదు. పండులో టెంకలా బంతి లోపల ఒక బరువైన దిమ్మ ఉంటుంది. దాని తల ఎటుందో తెలియడానికి బంతి మీద ఒక రంగు చుక్క పెట్టి పంపుతారు. ఇక విసిరినప్పుడు బంతి ఏదో ఒక ఇరుసు మీద తిరుగుతుంది కదా, ఆ ఇరుసు ఎక్కడ పడేదీ వదిలే చేతిని బట్టి ఉంటుంది. మణికట్టు తిప్పి వదిలేవాడికి ఒకచోట, తిప్పనివాడికి ఇంకోచోట. ఆ ఇరుసుకి చుక్క ఎంత ఎడంగా ఉండాలో, ఎటు వాలాలో చూసుకుని, మైనపు పెన్సిలుతో గీతలు గీసుకుని, అప్పుడు మిషను కింద పెట్టాలి. ఆ గీతలనే లేఅవుటు అంటారు. చుక్క ఓ మాదిరి ఎడంలో ఉంటే బంతి తల ఊపుకుంటూ పోయి పెద్ద మలుపు తిరుగుతుంది. ఇరుసు పక్కనే ఉంటే, పలకా సంచీ పట్టుకుని బడికి పోయే పిల్లలా బుద్ధిగా దొర్లుతుంది. చేతికి తగని గీత పడిందా, ఎదుటివాడి చెప్పుల్లో కాళ్లు పెట్టి నడిచినట్టే.

మా అక్క పొడుగులో నా భుజం దాటదు. అయినా ఆమెతో మాట్లాడాలంటే నేనే తలెత్తినట్టుంటుంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే నన్ను చూపించి, "ఒక మగాణ్ణి పెంచాను, ఆ సరదా తీరిపోయింది" అంటుంది. పెద్ద లాండ్రీలో ఇస్త్రీ పని చేసి రిటైరైంది. చొక్కా కాలరు చివరికొచ్చేసరికి ఇస్త్రీ పెట్టెని మణికట్టుతో ఒక్క తిప్పు తిప్పేది. బంతిని వదిలేటప్పుడూ అదే తిప్పు. ఆ మలుపు చూడటానికి పక్క లేన్లవాళ్లు ఆట ఆపేసేవాళ్లు. ఒకసారి ఆ మలుపు గాలికి హాలు నడిపే ఆయన టోపీ ఎగిరిపోయింది. ఇది నమ్మక్కర్లేని సగంలోది.

వానాకాలం మొదట్లో ఒక పొద్దున్న అక్క టీ కప్పు అందుకోబోయింది. కప్పు అక్కడే ఉంది, చెయ్యీ అక్కడే ఉంది, రెండూ కలుసుకోలేదు.

తలలో సన్నటి నరంలో రక్తం గడ్డకట్టిందని, వెంటనే తీసుకురావడం మంచిదైందని డాక్టరమ్మ చెప్పింది. నడక పోలేదు. మాటా పోలేదు. "అది పోతే బాగుండునని వీడు ఆశపడి ఉంటాడు" అని అక్క మంచం మీదినుంచే నన్ను దెప్పింది. కుడిచెయ్యి ఒక్కటే, నీళ్లలో నానిన తాడులా, చెప్పిన మాట సగమే వినేది.

ఇంటికొచ్చాక మా ముగ్గురి మధ్య ఒక కొత్త చట్టం వచ్చింది. ఆ చెయ్యి ఊసు ఎవరూ ఎత్తకూడదు. అక్క దాన్ని శాలువా కింద పెట్టుకుని తిరిగేది, ఎవరింట్లోంచో కోడిపిల్లని ఎత్తుకొచ్చి దాచినట్టు. మూడో మనిషి మా అమ్మాయి. నర్సు. తల్లి పోయినప్పటినుంచీ దాన్ని కూడా అక్కే పెంచింది, కాబట్టి మొండితనంలో ఇద్దరూ ఒక అచ్చులోవే.

"అత్తా, ఈ బుట్టలో బట్టల క్లిప్పులున్నాయి. ఒక్కొక్కటే తీసి ఈ తాడుకి పెట్టు. కుడిచేత్తోనే" అంది మా అమ్మాయి.

"బట్టలేవి?"

"బట్టలుండవు. ఊరికే క్లిప్పులు పెట్టడమే."

"బట్టల్లేకుండా క్లిప్పులెందుకే? మతి పోయిందనుకుంటారు చూసినవాళ్లు."

"ఎవరూ చూడరు. నాన్న తప్ప."

"వాడైతే ఊరంతా చూసినట్టే."

వట్టి తాడుకి క్లిప్పు పెట్టే మనిషి కాదు మా అక్క. అందుకని కనబడ్డవాటికల్లా పెట్టింది. కర్టెన్లకి, పేపరుకి, పిండి సంచీకి, నా పంట్లాం అంచుకి. ఒక మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి నా మీసానికి అటొకటి ఇటొకటి వేలాడుతున్నాయి. వేళ్లకి పట్టు కాస్త తిరిగొచ్చిందని నాకలా తెలిసింది. ఊడదీసుకునేటప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పికే అనుకోండి.

అలా ఉండగా ఒకరోజు రొట్టెలావిడ నా కొట్టుకి వచ్చింది. మా వీధి చివర బేకరీ ఆవిడదే. అక్క జట్టులో నలుగురు: ఈవిడ, పోస్టాఫీసులో ముద్రలు కొట్టే ఆమె, బడిలో గంట కొట్టే పొడుగామె, మా అక్క. తడిసిన గొడుగు బయట పెట్టి గుమ్మంలోనే నిలబడింది. మంచి కబురు తెచ్చినవాళ్లు లోపలికొచ్చి కూర్చుంటారు.

"అన్నయ్యా, అక్కకెలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది. నిన్ననే ఏనుగు అడ్డమొస్తే ఎత్తి పక్కన పెట్టింది."

ఆవిడ నవ్వలేదు. "సీజను సగం దాటిపోయింది. ముగ్గురమే ఆడుతున్నాం. సీజను మొత్తంలో ఒక్క మ్యాచీ ఆడకపోతే ఆ చోటు ఖాళీ కిందే లెక్కట. చివరి మ్యాచి రోజున వచ్చే సీజనుకి పేర్లు అడుగుతారు."

"అడిగితే ఇవ్వండి."

"మా కోడలు ఆడతానంటోంది. బాగానే ఆడుతుంది." గొడుగు వంక చూస్తూ అంది. "నేను అక్కతో అనలేను అన్నయ్యా. నువ్వేమైనా..."

"నేను అనగలనని నీకెవరమ్మా చెప్పింది?"

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నేనింకా నోరు తెరవలేదు. అక్కే అడిగింది. "రొట్టెలావిడ వచ్చిందటగా కొట్టుకి?"

"ఆఁ. బూట్ల తాళ్ల కోసం."

"వాళ్ల కోడలు భుజం చక్కగా ఆడిస్తుంది. కాళ్లే తొందరపడతాయి." ఎడమచేత్తో చెంచా పట్టుకుని రెండు ముద్దలు తింది. "చివరి మ్యాచి నేను ఆడతా. నాకొక బంతి తొలిచిపెట్టు."

మా అమ్మాయి గ్లాసు కింద పెట్టింది. "అత్తా, పడితే?"

"బంతి పడటానికేగా ఉన్నది."

"నువ్వు పడితే అంటున్నా."

"ఇంట్లో నర్సుని పెట్టుకుని ఒక్కసారైనా పడకపోతే ఎలాగే?"

మా అమ్మాయి నావంక చూసింది. నేను కంచంలోకి చూసుకున్నాను. అక్కకి ఆ హాలు ఏమిటో నాకు తెలుసు. వారానికోసారి వచ్చే ఆ ఆట సాయంత్రం వల్లే ఆమెకి ఒక రోజు ఇంకో రోజులా ఉండేది కాదు. పొద్దుటినుంచే జట్టు చొక్కా ఇస్త్రీ చేసుకునేది. ముగ్గురు ఆడవాళ్లతో కలిసి ఊళ్లోవాళ్లందర్నీ ఉతికి ఆరేసి, నవ్వి నవ్వి బొంగురు గొంతుతో ఇంటికొచ్చేది. ఆ చోటు పోతే మిగిలేవి కిటికీ, క్లిప్పులు, నేను.

మర్నాడే మొదలుపెట్టాను.

నా కొట్టులోకి ఎవరొచ్చినా ముందు చెయ్యి కొలుస్తాను. పోయిన నెల కొలిచిన చెయ్యైనా సరే, మళ్లీ కొలవాల్సిందే. బొటనవేలినుంచి నడిమి వేళ్లదాకా జాన ఎంత, వేళ్ల లావెంత, కీళ్లు ఎటు వంగుతాయి. హాలాయన చెయ్యి ఆయన భార్యకన్నా నాకే బాగా తెలుసు, అయినా ప్రతిసారీ కొలుస్తాను. అక్కది ఒక్కటే కొలవను. ఆ చెయ్యి పట్టుకుని నడక నేర్చాను. ఆ చెయ్యి తగిలే ఎక్కాలు నేర్చాను. దాని జాన ఎంతో నా వీపునడిగినా చెబుతుంది.

అందుకని ఎప్పటిలాగే ఆ జాన పెట్టాను, ఆ ఇరుసే పెట్టాను. మణికట్టు ఇప్పుడు తిప్పలేదు కాబట్టి తిరిగే పనేదో బంతే చూసుకుంటుందిలే అనుకుని, బాగా మలుపు తిరిగే రకం బంతి తెచ్చి, చుక్కని మలుపు ఎక్కువొచ్చే ఎడంలో పెట్టాను. అక్క మలుపు అక్కకి తిరిగి రావాలి. నా బుర్రలో ఇంకో ఆలోచన లేదు.

హాలు తెరవకముందే ఒక పొద్దున్న తీసుకెళ్లాను. రేకుల కప్పు మీద వాన దంచుతోంది. ఒక్క లేనుకే దీపాలు వేశాను. అక్క ఎడమచెయ్యి సాయం పట్టి, నాలుగడుగులు వేసి, బంతి వదిలింది. వదిలిందని అనకూడదు. జారిపోయింది. నూనె రాసిన చెక్క మీద నిదానంగా వెళ్తూ, మధ్యకైనా చేరకముందే ఎడమకి తిరిగి, నీరసించి, లేను అంచునుండే కాలవలో పడింది.

"ఇదేంట్రా, నీ కథల్లాగా మొదట్లోనే పక్కదారి పట్టింది" అంది.

"బంతి కొత్తది కదా. మొహమాటపడుతోంది."

ఆ రంధ్రాలు పూడ్చి, గట్టిపడ్డాక ఇంకోచోట తొలిచాను. ఈసారి కొంత దూరం తిన్నగా వెళ్లాకే తిరిగేట్టు గీతలు మార్చాను. తిన్నగానే వెళ్లింది. తిరగడమే మర్చిపోయి కుడి కాలవలో పడింది. మళ్లీ పూడ్చాను, మళ్లీ తొలిచాను. ఆ బంతిని ఎలుకలు చూస్తే కాపురానికొచ్చేవి. లేను మీద నూనె ఎక్కువైందని హాలాయన్ని తిట్టాను. గాల్లో తేమ అన్నాను. బంతి చేసినవాడు లోపలి దిమ్మే వంకరగా పెట్టాడన్నాను. అక్క ఏమీ అనేది కాదు. అలా ఆమె ఏమీ అనకపోవడం నేను పుట్టాక చూసి ఎరగను.

ఒక సాయంత్రం మా అమ్మాయి ఆస్పత్రినుంచి నేరుగా కొట్టుకి వచ్చింది. ఎప్పుడూ వచ్చేది కాదు. మిషను మీటనొక్కి ఆపేసింది.

"నాన్నా, ఇక చాలు."

"ఇంకొక్క గీత మిగిలింది తల్లీ..."

"అత్త క్లిప్పులు పెట్టడం మానేసింది. చూశావా?"

చూడలేదు. నా పంట్లాం అంచు వైపు చూసుకున్నాను. నిజమే, ఈమధ్య ఏమీ లేవు.

"ఆడొద్దని నువ్వే చెప్పు" అంది.

"అక్క నా మాట ఎప్పుడు విందని?"

"వినకపోయినా పర్లేదు. నువ్వు చెబితే కోపం నీ మీద పెట్టుకుంటుంది. ఇప్పుడు ఆ చేతి మీద పెట్టుకుంటోంది. నాకది చూడబుద్ధి కావట్లేదు."

గొడుగు కూడా తెచ్చుకోలేదు. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. నేను నా తువ్వాలిచ్చాను. తుడుచుకుని, ముక్కు చీదుకుని, ఆ తువ్వాలు నాకే ఇచ్చి వెళ్లిపోయింది. ఇది కూడా అక్క అలవాటే.

రేపొక్కసారి చూసి, తప్పంతా బంతిదేనని అక్కకి కళ్లారా చూపించి, తర్వాత ఏం చెప్పాలో అది చెబుదామనుకున్నాను.

దానికో చిట్కా ఉంది. బంతి మీద ఇరుసు ఉన్నచోట చిన్న తెల్ల టేపు ముక్క అంటించాలి. బంతి ఎంత దొర్లినా ఇరుసు కదలదు కదా, సరైన చోట అంటిస్తే ఆ తెల్ల ముక్క ఉన్నచోటే నిలబడినట్టు కనబడుతుంది. ఏమాత్రం పక్కనపడినా అది గుండ్రంగా చుట్లు కొడుతుంది. పొద్దున్నే ఆ ముక్కని అక్క ఇరుసు మీద అంటించాను. నాకు ఎప్పటినుంచో తెలిసిన చోటు. కళ్లకి గంతలు కట్టినా అంటించగలను.

"ఆ తెల్లది కదలకుండా ఉంటుంది చూడు. అయినా బంతి చెడిపోతే నీ తప్పు కాదు, దానిదే" అన్నాను.

అక్క బంతి వదిలింది. ఇద్దరం దాని వెనకే చూస్తూ నిలబడ్డాం. తెల్ల ముక్క చుట్లు కొట్టింది. చిన్న చుట్లు కావు, ఒక్కొక్కటి గాజంత. అలాగే చుట్లు కొడుతూ కాలవలో పడింది.

"కదలదన్నావు" అంది అక్క.

"అన్నాను."

"కదిలిందే."

"గాలికి అయ్యుంటుంది."

తలుపులన్నీ మూసే ఉన్నాయి. అక్క వెళ్లి బెంచీ మీద కూర్చుంది. శాలువా తీసి పక్కన పెట్టింది. ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టి, అరచెయ్యి పైకుండేలా ఒళ్లో పెట్టుకుంది.

"కొలువు."

"కొలవడమెందుకు అక్కా, నీ చెయ్యి నాకు తెలియదా..."

"నీకు తెలిసిన చెయ్యి నా దగ్గర లేదురా" అంది. "ఉన్నది ఇదే. దీన్ని కొలువు."

కొట్టులోకి వెళ్లి కొలబద్ద తెచ్చాను. కింద మోకాళ్ల మీద కూర్చున్నాను. ఇస్త్రీ వేడికి కాయలు కాసిన అరచెయ్యి మెత్తబడిపోయింది. వేళ్లు సన్నబడ్డాయి. చాపితే పూర్తిగా చాచుకోవు, కొంచెం లోపలికే ముడుచుకుని ఉంటాయి, నిద్రలో ఉన్న పిల్లల వేళ్లలా. నేను పెడుతూ వచ్చిన జానకి ఈ వేళ్లు అందనే అందవు. బొటనవేలు వెనక్కి పోదు, అరచేతి కిందికే ఒదుగుతుంది. ప్రతిదీ రెండుసార్లు కొలిచాను. మొదటిసారి అంకెలు సరిగ్గా కనబడలేదు.

"ఏంట్రా, జోకులు అయిపోయాయా?"

"లెక్క తప్పుతుందని ఆగాను."

"నీకు లెక్కలొస్తే కదా తప్పడానికి. పదమూడో ఎక్కం దగ్గర ఎన్ని తిన్నావో మర్చిపోయావా?"

"ఆ చెయ్యే ఇదని గుర్తుపట్టలేకపోయాను, అందుకే భయం వెయ్యలేదు" అన్నాను.

అక్క నవ్వింది. నవ్వుతూనే ఆ వేళ్లతో నా చెవి మెలిపెట్టింది. మెలిపడలేదు, ఊరికే పట్టుకున్నట్టుంది. అయినా నేను అబ్బా అన్నాను.

ఆ తర్వాత నాలుగైదు బంతులు వేయించి కొలబద్ద కళ్లతోనే చూశాను, నా కళ్లతో కాదు. చెయ్యి ఇప్పుడు పక్కకి తిప్పదు, వెనకనుంచి ముందుకి నెడుతుంది అంతే. దానికి తగ్గట్టు ఇరుసు ఎక్కడికో జరిగిపోయింది. టేపు పీకి అంటించి, పీకి అంటించి, చివరికి ఒకచోట పెట్టాను. బంతి నెమ్మదిగా దొర్లుతూ పోయింది. తెల్ల ముక్క, కిటికీలో కూర్చుని వీధిలోకి చూసే మనిషిలా, అక్కడే ఉండిపోయింది.

"అదీ" అంది అక్క.

బరువు తక్కువ బంతి తెచ్చాను. అరలో దాన్ని చూడగానే మూతి ముడిచింది. "పిల్లల బంతి."

"రంగు చూసి తెచ్చాను. నీ చొక్కాకి సరిపోతుందని."

జాన తగ్గించాను. బొటనవేలి రంధ్రం అరచేతి కిందికి వాలేట్టు ఏటవాలుగా తొలిచాను, పిడికిలి బిగించకపోయినా బంతే చేతిని అంటిపెట్టుకుని ఉండాలని. చుక్కని ఇరుసు పక్కనే పెట్టి గీతలు గీశాను. తొలిచేముందు ఆ గీతలు చూపించాను. గీతలు చదవడం ఆమెకి ఎప్పుడో వచ్చు.

"ఇంత దగ్గర పెడితే మలుపు?" అంది.

"ఉండదు అక్కా."

"అస్సలా?"

"చివర్లో బెత్తెడు ఒరుగుతుంది."

"బెత్తెడు."

బయట వాన తగ్గింది. చూరునుంచి నీళ్లు కారుతున్న చప్పుడు. అక్క ఆ గీతల మీద వేలు పెట్టి, చుక్కనుంచి ఇరుసుదాకా ఒకసారి రాసింది. మైనం వేలికి అంటుకుంది. కొంగుకో శాలువాకో తుడుచుకోకుండా అలాగే చూసుకుంది.

"సరే. తొలిచెయ్" అంది.

చివరి మ్యాచి రోజున మా అమ్మాయి సెలవు పెట్టి, ఇంట్లోంచి చేతుల కుర్చీ ఒకటి మోసుకొచ్చి లేను పక్కన వేసింది. అక్క ఆ కుర్చీ చూసి, "నీకా?" అంది. మా అమ్మాయి, "నాకే" అని అందులో కూర్చుని, సాయంత్రమంతా లేవలేదు. అయితే మధ్యమధ్యలో అక్క వచ్చి ఆ కుర్చీ చేతి మీద కాసేపు ఆనుకునేది. రొట్టెలావిడ ఏదో అనబోయి, అక్క చెయ్యి ఆప్యాయంగా పట్టుకుని, దానికి తన బేకరీ పిండి అంటించి ఊరుకుంది. కోడలు పిల్ల వెనక నిలబడింది, ఆడటానికి బూట్లు వేసుకోవాలో అక్కర్లేదో తెలియక ఒకటి వేసుకుని, ఒకటి చేత్తో పట్టుకుని.

అక్క వంతు వచ్చింది. హాల్లో గోల తగ్గింది. అందరికీ ఆ మలుపు గుర్తుంది.

బంతి తిన్నగా వెళ్లింది. ఎంత నిదానమంటే, ఆ బంతి చేరేలోపు నేను టీ తాగి, కప్పు కడిగి, నలుగురి యోగక్షేమాలు కనుక్కుని వచ్చాను. పక్క లేనులో ఒకాయన నవ్వాడు. మా అమ్మాయి తల తిప్పి ఆయన వంక చూసింది. ఆస్పత్రిలో పెద్ద సూది పట్టుకున్నప్పటి చూపు. ఆయన బూట్ల తాళ్లు కట్టుకోవడానికి వంగాడు. బంతి వెళ్లి, మూలనున్న రెండు పిన్నుల్ని మర్యాదగా తోసి, వెనక్కి పోయింది.

తర్వాతిది కాలవలో పడింది. ఆ తర్వాతిది నాలుగు. ఆటంతా అలాగే సాగింది. అక్క ఒక్కసారీ నావైపు చూడలేదు. కాళ్లు పెట్టే చోటు కొంచెం కొంచెం జరుపుకుంటూ ఉండటం మాత్రం నేను చూశాను. మలుపు కోసం నిలబడే చోటు వదిలేసి, మధ్యకి, మధ్యకి వచ్చింది.

చివరి బంతి మధ్యలో తిన్నగా పోయింది. చివర్లో, ఉన్నాననిపించుకోవడానికన్నట్టు, కాస్త ఎడమకి ఒరిగింది. ముందరి పిన్నుకి తగిలింది. అది పక్కదానికి ఏదో చెవిలో చెప్పి పడింది, అది ఇంకోదానికి చెప్పి పడింది. అలా ఒకదాని తర్వాత ఒకటి, వంటింట్లో కబురు పాకినట్టు, తొమ్మిది పడ్డాయి. పదోది ఊగింది. హాలంతా దానితోపాటు ఊగింది. అది పడిందని చెబితే మీరు నమ్మేస్తారు, అందుకని చెప్పను. పడలేదు. నిలబడిపోయింది.

జట్టు ఓడిపోయింది. పొడుగామె గంట కొట్టినంత గట్టిగా చప్పట్లు కొట్టింది. హాలాయన కలం చెవి వెనకనుంచి తీసుకుని వచ్చాడు. "వచ్చే సీజనుకి నాలుగు పేర్లు చెప్పండమ్మా."

ముగ్గురి పేర్లయ్యాక రొట్టెలావిడ కోడలి చేతిలోని బూటు వంక చూసింది.

"నా పేరు రాయి" అంది అక్క. "దాని కింద వీళ్ల కోడలి పేరూ రాయి. నా చెయ్యి అలిసిన రోజు ఆ పిల్ల ఆడుతుంది. ఆ కాళ్ల తొందర నేను మాన్పిస్తా."

"జట్టుకి నలుగురే కదమ్మా" అన్నాడు హాలాయన.

"ఐదుగురుండకూడదని ఎక్కడైనా ఉందా?"

ఆయన తల గోక్కున్నాడు. "ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

"ఇప్పుడు అడిగాను."

రాసుకున్నాడు. కోడలు పిల్ల కూర్చుని రెండో బూటు వేసుకుంది, ఆట అయిపోయాక. రొట్టెలావిడ కళ్లు ఒత్తుకుంటే కనుబొమలకి పిండి అంటుకుంది.

అక్క అప్పుడు నా దగ్గరికొచ్చింది. ముఖం చిరచిరలాడుతోంది.

"బొటనవేలి దగ్గర వదులుగా ఉందిరా. బంతి జారుతోంది."

"వదులెక్కడిది? సరిగ్గా చూసే తొలిచాను."

"నా బొటనవేలు నీకు తెలుసా, నాకు తెలుసా?"

"నీకే" అన్నాను.

జనం చుట్టూ ఉండగానే, బూట్లు మార్చుకునే బెంచీ మీద కూర్చుని, శాలువా వెనక్కి తోసుకుని, అక్క కుడిచెయ్యి చాచింది. నేను జేబులోంచి కొలబద్ద తీశాను.